మడత చాకు నేర్చుకోవాలంటే ముందు ఎవరి దగ్గర చేరాలి?

మీరు అడిగింది నా మాటల్లో చెబుతాను. మీరు హనుమకొండలో ఉంటారు, రోజంతా కంప్యూటర్ ముందు ఉద్యోగం. ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న బెల్టు గ్రైండరు పెట్టుకుని వంటింటి కత్తులు కొన్ని చేశారు, ఇంట్లో వాడుతున్నారు కూడా. ఇప్పుడు జేబులో పట్టే మడత చాకు మీద మనసు పడింది. వీడియోలు చూసి మొదలుపెడితే ఒకదానిలో బ్లేడు అటూ ఇటూ ఊగుతోంది, ఇంకోదానిలో బిగుసుకుపోయి గోరు విరిగేంత పని అవుతోంది. అనుభవమున్న పనివాడి దగ్గర చేరాలా, ఎవరి దగ్గర, ఎన్నాళ్లు పడుతుంది, ముందు మీ ఊరి కమ్మరి దగ్గర కొలిమి పని నేర్చుకుంటే సరిపోతుందా అన్నది ప్రశ్న.

సూటిగా చెప్పాలంటే: చేరండి. కానీ ముందు చేరవలసింది మంచి ఫిట్టరు దగ్గర, అంటే యంత్రాల భాగాలను కొలతకు రుద్ది కూర్చే పనివాడి దగ్గర. కమ్మరి దగ్గరికి ఆ తర్వాత వెళ్లండి.

నేను చదివింది ఐటీఐలో ఫిట్టరు ట్రేడు. బతికింది టూల్ రూములో, ప్రెస్సు డైలు, అంటే రేకులను నొక్కి ఆకారం తెచ్చే అచ్చులు చేస్తూ. చాకుల పిచ్చి మా ఉస్తాదు అంటించారు. ఆయన వరంగల్ అజంజాహి బట్టల మిల్లులో ఫిట్టరుగా చేసిన మనిషి. 1934లో పెట్టిన ఆ మిల్లు మూతపడ్డాక ఇంటి అరుగు మీద వైసు బిగించుకుని తాళాలు, కత్తెరలు, పాత చాకులు బాగుచేసేవారు. కాబట్టి నా సలహాలో ఫిట్టర్ల పక్షపాతం కొంత ఉంటుంది. ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

వరంగల్, కరీంనగర్, జగిత్యాల చుట్టుపక్కల మడత చాకులే వృత్తిగా చేసేవాళ్ల కోసం వెతికితే మీకు ఏళ్లు గడిచిపోతాయి. చేతిపని తెలిసిన ఫిట్టర్లు మాత్రం ఇంకా ఉన్నారు. ఆటోనగర్ షెడ్లలో ఉన్నారు, కాజీపేట రైల్వేలో పనిచేసి రిటైరై ఇంటి దగ్గర ఉన్నారు. వాళ్లలో చాలామంది జన్మలో ఒక్క చాకు కూడా చేసి ఉండరు. అయినా మీకు కావలసిన విద్యలో పెద్ద వాటా వాళ్ల చేతుల్లోనే ఉంది.

ఎందుకంటే, వంటింటి కత్తిలో కదిలే భాగం ఏదీ లేదు. అర మిల్లీమీటరు అటూ ఇటూ అయినా వంకాయ తెగుతుంది. మడత చాకులో బ్లేడు, స్ప్రింగు, రెండు పక్క రేకులు, మూడు పిన్నులు ఒకదాన్నొకటి ఆనుకుని పనిచేయాలి. తల వెంట్రుక మందం సుమారు 0.07 మిల్లీమీటర్లు అనుకోండి. బ్లేడు మొదట్లో, అంటే ఇరుసు పిన్ను దూరే వెడల్పాటి భాగంలో, రెండు పక్కలా అంత సందు ఉందనుకోండి. ఆ మొదలు వెడల్పు 10 మిల్లీమీటర్లు, బ్లేడు పొడవు 70 మిల్లీమీటర్లు అయితే మొన దగ్గర ఊగుడు దాదాపు ఒక మిల్లీమీటరు. మీ మొదటి చాకు ఊగడానికి కారణం ఇదే అయి ఉంటుంది. రెండోది బిగుసుకుపోవడానికి కారణం సందు అసలే లేకపోవడం, లేదా రంధ్రం వంకరగా పడటం. ఈ రెండు జబ్బులకూ కొలిమిలో మందు లేదు.

ఫిట్టరు మీకు మొదట ఇచ్చే పని విసుగు పుట్టిస్తుంది. ఇనుప ముక్క ఒకటి ఇచ్చి, ఆకురాయితో ఆరు ముఖాలూ చదునుగా, ఒకదానికొకటి లంబంగా చేసి తెమ్మంటాడు. మీరు చేసి తీసుకెళ్తారు. ఆయన మూలమట్టం ఆనించి కిటికీ వైపు ఎత్తి చూస్తాడు. మధ్యలో వెలుతురు కనిపించదు, రెండు చివర్లా కనిపిస్తుంది. అంటే ముఖం మధ్యలో ఉబ్బుగా ఉంది. కొత్తవాళ్లందరి చేతిలోనూ ఆకురాయి ఊగుతుంది, అందరికీ ఉబ్బే వస్తుంది. ఆ వెలుతురు గీత పూర్తిగా పోయేదాకా మళ్లీ రుద్దాల్సిందే. దీన్ని గ్రైండరు మీద చేయలేమా అంటారు మీరు. చేయవచ్చు, కానీ స్ప్రింగు బ్లేడు మీద ఆనే చోట తీయవలసింది ఎంత కొంచెమంటే, బెల్టు ఒకసారి తాకితే కావలసినదానికి పదింతలు పోతుంది. అక్కడ సన్న ఆకురాయి తప్ప దారి లేదు.

తర్వాత రంధ్రం. మామూలు డ్రిల్లు బిట్టు వేసే రంధ్రం మీరనుకున్నంత గుండ్రంగా ఉండదు, కొలతకు కొంచెం పెద్దదిగా కూడా వస్తుంది. 3 మిల్లీమీటర్ల ఇరుసు పిన్ను కావాలంటే ముందు 2.9 బిట్టుతో వేసి, తర్వాత 3 మిల్లీమీటర్ల రీమరు, అంటే రంధ్రాన్ని సరిగ్గా కొలతకు నున్నగా తీసే పనిముట్టు తిప్పాలి. చేతి డ్రిల్లుతో ఈ పని జరగదు. స్టాండు మీద నిలిచే డ్రిల్లు కావాలి, దాని బల్ల బిట్టుకు లంబంగా ఉందో లేదో మీరే మూలమట్టం పెట్టి చూసుకోవాలి. రంధ్రం ముందు వేసి, బ్లేడు ఆకారం తర్వాత కోయండి. ఆకారం ముందు కోస్తే ఆ వంకర ముక్కను నిటారుగా పట్టుకోవడానికే పొద్దు పోతుంది.

ఇక అసలు యంత్రం సంగతి. స్ప్రింగు చాకులో తాళం ఉండదు. చాకు వీపు పొడవునా ఒక ఉక్కు పట్టీ ఉంటుంది. వెనక ఒక పిన్ను, మధ్యలో ఒక పిన్ను దాన్ని పట్టుకుంటాయి, ముందు కొస మాత్రం వంగగలదు. ఆ కొస బ్లేడు మొదలు మీద ఒత్తుతూ ఉంటుంది. బ్లేడు మొదలుకు మూడు చదును ముఖాలు ఉంటాయి: తెరిచినప్పటిది, సగంలో ఆగేది, మూసినప్పటిది. ఇరుసు రంధ్రం మధ్యబిందువు నుంచి ఈ మూడు ముఖాల దూరం సమానంగా ఉంటే స్ప్రింగు మూడు చోట్లా ఒకే ఎత్తులో నిలుస్తుంది, వీపు ఒకే గీతలా కనిపిస్తుంది. తేడా ఉంటే ఒకచోట పైకి లేస్తుంది, ఒకచోట లోపలికి దిగుతుంది. చాకు చేసినవాడి పనితనం ఎంతో తెలియాలంటే బ్లేడు మెరుపు చూడకండి. దాన్ని సగం తెరిచి వీపు మీద గోరు నడపండి.

మా ఉస్తాదు దీన్ని వేలితో తేల్చేవారు, నేను డయల్ గేజ్, అంటే సన్నటి తేడాలను గడియారంలా ముల్లుతో చూపే కొలత పరికరం వాడతాను. నున్నటి గాజు పలక మీద ఒక ఇనుప దిమ్మె, దాని మీద రెండు చిన్న పిన్నులు. పక్క రేకును ఆ పిన్నుల మీద నిలిపి, డయల్ సూదిని స్ప్రింగు ముందు కొస వీపు మీద ఆనిస్తాను. చాకు మూసి ముల్లును సున్నాకు తిప్పుతాను. సగం తెరిస్తే ముల్లు నాలుగు గీతలు పైకి పోయిందనుకోండి, అంటే సగం ముఖం 0.04 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంది. చాకు విప్పి, ఆ ముఖానికి నీలం సిరా పూసి, మళ్లీ బిగించి, ఒకసారి తెరిచి మూసి, విప్పి చూస్తే సిరా ఎక్కడ చెరిగిందో అక్కడ స్ప్రింగు తగులుతోంది. తగిలిన చోట మాత్రమే సన్న ఆకురాయితో ఒకటి రెండు సార్లు. మళ్లీ బిగించు, మళ్లీ చూడు. వీడియోలో ఈ భాగం పాట పెట్టి పది సెకన్లలో దాటేస్తారు, నిజానికి చాకు తయారయ్యేది ఇక్కడే. ఒక చిట్కా గుర్తుంచుకోండి: ఎత్తుగా ఉన్న ముఖాన్ని తగ్గించగలరు, పల్లంగా ఉన్నదాన్ని పెంచలేరు. కాబట్టి అన్నిటికన్నా పల్లంగా ఉన్నదాన్ని ముట్టుకోకుండా మిగతా రెండింటినీ దాని స్థాయికి దింపాలి.

స్ప్రింగు ఒత్తిడి ఎంత ఉండాలన్నది మరో చిక్కు. బ్లేడు లేనప్పుడు స్ప్రింగు కొస తన చోటు కన్నా సుమారు ఒక మిల్లీమీటరు కిందికి ఉండేలా పిన్నుల రంధ్రాలు వేస్తే, బ్లేడు ఎక్కించినప్పుడు అంత మేర వంగి ఒత్తుతుంది. చిన్న చాకుకు అంతకన్నా తక్కువే చాలు. మధ్య పిన్ను నుంచి ముందుకు స్ప్రింగు కొంచెం సన్నబడుతూ పోవాలి. అలా కాకుండా ఒకే మందాన ఉంటే వంపంతా మధ్య పిన్ను దగ్గరే పడుతుంది, విరిగితే అక్కడే విరుగుతుంది. సరిగ్గా కుదిరిన చాకు మూసుకునేటప్పుడు తలుపు గడియ పడినట్టు ఒకే చప్పుడు వస్తుంది. రెండు చప్పుళ్లు వినిపిస్తే బ్లేడు అంచు స్ప్రింగును కొడుతోందని అర్థం. బ్లేడు మొదలు కింద వదిలే చిన్న బుడిపె స్ప్రింగు మీద ముందు ఆని అంచును కాపాడాలి. ఆ బుడిపెను మొదట్లోనే ఎక్కువ అరగదీయకండి, ఆఖరి దాకా ఆగండి.

ఏ రకంతో మొదలుపెట్టాలి? చాలామంది కుర్రాళ్లు లైనర్ లాక్ అంటూ వస్తారు. 1980 దశకంలో అమెరికాలో మైకేల్ వాకర్ అనే చాకు పనివాడు ఇప్పటి రూపానికి తెచ్చిన పద్ధతి అది. లోపలి రేకులోనే ఒక నాలుక కోస్తారు, అది బ్లేడు మొదలు వెనక పడి మూసుకోకుండా ఆపుతుంది. చూడటానికి తేలిక. కానీ ఆ నాలుక ఆనే ముఖం వాలు సుమారు 7 నుంచి 9 డిగ్రీలు ఉండాలి, అది తప్పితే తాళం జారుతుంది. తాళం జారే చాకు అసలు తాళమే లేని చాకు కన్నా ప్రమాదం, ఎందుకంటే మీరు దాన్ని నమ్ముతారు. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లకు స్ప్రింగు చాకే మొదట. అంతకన్నా తేలికది కావాలంటే స్ప్రింగే లేని చాకు ఉంది: ఒక బ్లేడు, ఒక ఇరుసు, ఒక పిడి, బిగువు మీదే నిలుస్తుంది. జపాను వాళ్ల హిగోనోకామి అలాంటిదే. ఫ్రాన్సు ఒపినెల్ 1890లో అలాగే మొదలైంది, మెడ దగ్గర తిరిగే తాళపు కట్టు 1955లో వచ్చింది. ఇరుసు నిటారుగా వేయడం, రివెట్ కొట్టడం నేర్చుకోవడానికి ఇది చక్కటి పాఠం. ఒకటి చేసి స్ప్రింగు చాకుకు రండి.

రివెట్ కొట్టడం గురించి ఒక మాట. ఇరుసు పిన్ను తలను చిన్న గుండు సుత్తితో చుట్టూ తిప్పుతూ తేలిగ్గా కొట్టాలి. బలంగా కొడితే పిన్ను రంధ్రం లోపల ఉబ్బి బ్లేడును పట్టేస్తుంది, అప్పుడు డ్రిల్లు పెట్టి పిన్ను తీసేయడమే గతి. నేను చపాతీలు చుట్టే అల్యూమినియం రేకును రెండు పొరలు మడిచి, మధ్యలో చీలిక కోసి, బ్లేడుకూ పక్క రేకుకూ మధ్య పిన్ను చుట్టూ దూరుస్తాను. పిన్ను బిగిసేదాకా కొట్టి, ఆ రేకును లాగేస్తే దాని మందమంత సందు మిగులుతుంది. బ్లేడు హాయిగా తిరుగుతుంది, ఊగదు. ఒక చుక్క నూనె వేసి కొన్నిసార్లు తెరిచి మూస్తే లోపలి నుంచి నల్లటి రజను నూనెతో బయటికి వస్తుంది. తుడిచి మళ్లీ నూనె వేయండి. నలుపు రావడం ఆగేదాకా అంతే.

ఉక్కు విషయంలో నాకు కొంచెం మొండితనం ఉంది. లారీ కమాను కట్టలతో కొడవళ్లు, గొడ్డళ్లు బ్రహ్మాండంగా వస్తాయి. చిన్న చాకు బ్లేడుకు మాత్రం అందులో కార్బన్ తక్కువ, సుమారు అర శాతం పైచిలుకు. పైగా లక్షల కిలోమీటర్లు వంగి లేచిన ముక్కలో కంటికి కనబడని పగుళ్లు ఉండవచ్చు. పాత బేరింగుల ఉక్కు, అంటే ఇఎన్ 31 రకం, బ్లేడుకు మంచిదే. ఒక శాతం కార్బన్, దానికి తోడు క్రోమియం ఉంటాయి. కానీ బేరింగు రింగును సాగగొట్టి చదును చేయడమే ఒక యజ్ఞం. మొదటి చాకుకు ఓహెచ్‌ఎన్ఎస్ (నూనెలో ముంచి గట్టిపరిచే రకం ఉక్కు) గేజ్ ప్లేటు కొనుక్కోండి, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ముక్కలుగా దొరుకుతుంది. రెండు పక్కలా సానబట్టి వస్తుంది కాబట్టి బ్లేడు, స్ప్రింగు ఒకే మందంతో మొదలవుతాయి. సగం గొడవ అక్కడే తీరుతుంది.

ఇప్పుడు కమ్మరి దగ్గరికి వెళ్లే సమయం. ఒకే ఉక్కును బ్లేడుకు ఒకలా, స్ప్రింగుకు ఇంకోలా కాల్చాలి. ఓహెచ్‌ఎన్ఎస్ అయితే రెండింటినీ 800 డిగ్రీల దగ్గర ఎర్రగా కాల్చి గోరువెచ్చటి నూనెలో ముంచడం వరకు ఒకటే. ఆ తర్వాత బ్లేడును 200 డిగ్రీల దగ్గర రెండు విడతలు, గంట చొప్పున వేడిచేస్తే గట్టిదనం కొలిచే రాక్‌వెల్ లెక్కలో 60 దగ్గర నిలుస్తుంది. బాగా శుభ్రం చేసిన ఉక్కు లేత గడ్డి రంగుకు వస్తుంది. స్ప్రింగును 430 డిగ్రీల దాకా తీసుకెళ్లాలి, అప్పుడు 50 అటూ ఇటూ ఉంటుంది, వంగి తిరిగి లేస్తుంది. బ్లేడుకు పట్టిన వేడితోనే స్ప్రింగును కూడా వదిలేస్తే తెరవబోయిన రోజే పుటుక్కున విరుగుతుంది. 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది కాబట్టి, ఆ స్థితి దాటి మరికాస్త ఎరుపు రానిస్తే కొలిమిలో కూడా పని నడుస్తుంది. అయితే ఆ ‘మరికాస్త’ ఎంతో చెప్పగలిగేది కమ్మరి కన్ను మాత్రమే. మధ్యాహ్నపు ఎండలో ఒక ఎరుపు, షెడ్డు చీకట్లో మరో ఎరుపు కనిపిస్తాయి. అందుకే వాళ్లు కొలిమిని నీడలో పెట్టుకుంటారు. మీకు ఓపిక లేకపోతే హైదరాబాద్ బాలానగర్‌లో హీట్ ట్రీట్‌మెంట్ చేసే షాపులు ఉన్నాయి. ముక్కల మీద ఉక్కు పేరు, కావలసిన గట్టిదనం రాసి ఇవ్వండి.

కొంతమంది ఈ మాట రాగానే కోనసముద్రం ప్రస్తావన తెస్తారు. తేవడం న్యాయమే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో, నిర్మల్ చుట్టుపక్కల మూసల్లో కరిగించి చేసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. 19వ శతాబ్దం మొదట్లో హెన్రీ వాయిసీ అనే ఆంగ్లేయుడు ఆ పని కళ్లారా చూసి వివరంగా రాశాడు. మన ప్రాంతం గురించి నాకూ గర్వమే. కానీ దానికీ మీ మొదటి చాకుకూ సంబంధం లేదు. ఆ ఉక్కులో కార్బన్ దాదాపు ఒకటిన్నర శాతం. దాన్ని సాగగొట్టడం ఇప్పటి పనివాళ్లలో బహు కొద్దిమందికే చేతనవుతుంది. ఆన్‌లైన్‌లో ‘డమాస్కస్’ పేరుతో గీతలు గీతలుగా కనిపించే ముక్కలు అది కాదు. అవి రెండు రకాల ఉక్కును పొరలుగా అతికి, మడిచి, కొట్టినవి. అందంగా ఉంటాయి. లోపల అతుకు సరిగా పడిందో లేదో మాత్రం మీకు తెలియదు. కాబట్టి నేర్చుకునే దశలో వద్దు.

నా దగ్గరికి వచ్చినవాళ్లలో ముగ్గురి సంగతి చెబితే మీ ప్రశ్నకు ఇంకాస్త సమాధానం దొరుకుతుంది.

ఒకరు ఇంజనీరింగ్ విద్యార్థి. కంప్యూటర్‌లో చక్కటి బొమ్మ గీసి, లేజర్‌తో ముక్కలన్నీ కోయించుకుని వచ్చాడు. రంధ్రాల దూరాలు అద్భుతంగా ఉన్నాయి, ముక్కలు గలగలా కూర్చుకున్నాయి. కాల్చి నూనెలో ముంచాక స్ప్రింగు అరటి తొడిమలా కాకపోయినా కంటికి తెలిసేంత వంగింది. చదును చేద్దామంటే మందంలో మిగులు లేదు, అన్నీ ఆఖరి కొలతకే కోయించాడు. కాల్చే ముందు ప్రతి పక్కా కొంచెం మిగులు వదలాలన్న సంగతి బొమ్మ చెప్పదు. బ్లేడు వీపూ అంచూ కూడా అంతే. అంచును కాగితమంత పలచగా చేసి కాలిస్తే వంకరపోతుంది. తర్వాత ఆ అబ్బాయి మందం పెంచి మళ్లీ కోయించుకున్నాడు, ఈసారి చాకు వచ్చింది.

రెండో ఆయన కరీంనగర్ వెండి తీగ పనివాడు. రివెట్ కొట్టడంలో, బ్లేడు తెరవడానికి గోరు పెట్టే గోటి గాడి చెక్కడంలో నేను ఆయన దగ్గర నేర్చుకోవాలి. ఆ చేతులకు అలవాటైనది మెత్తటి లోహం. ఉక్కు మీద ఆకురాయి అలాగే తేలిగ్గా నడిపితే కోత పడదు, పళ్లు జారి అరిగిపోతాయి. ముందుకు నెట్టేటప్పుడు బరువు, వెనక్కి తెచ్చేటప్పుడు తేలిక అన్నది అలవాటు కావడానికి ఆయనకు మీకన్నా ఎక్కువ కాలమే పడుతుంది, ఎందుకంటే పాత అలవాటును వదులుకోవాలి.

మూడో ఆయన పరకాల వైపు కమ్మరి. కమ్మరులను తక్కువ చేస్తున్నానని మీరు అనుకోకూడదని ఈయన గురించి చివర్లో చెబుతున్నాను. వేడి చూడటంలో ఆయన కంటికి తిరుగు లేదు. ఆయన కాల్చిన స్ప్రింగుల్లో విరిగినది నేను చూడలేదు. ఆయనకు లేనిది కొలత పని, అది కొన్ని నెలల్లో పట్టుబడింది. ఇప్పుడు జగిత్యాల వైపు మామిడి నర్సరీలకు అంటుకట్టే మడత చాకులు చేసి ఇస్తున్నాడు. వాటికి వాదర ఒక పక్కనే ఉంటుంది, రెండో పక్క పూర్తి చదును, అలా ఉంటేనే కొమ్మ మీద కోత నున్నగా పడి అంటు కలుస్తుంది. కొలిమి తెలిసినవాడు కొలత నేర్చుకుంటే మీబోటి, నాబోటి వాళ్లు వెనకబడతారు. మీకు కొలిమి పుట్టుకతో రాలేదు కాబట్టి, త్వరగా చేతికొచ్చే కొలతతో మొదలుపెట్టమంటున్నాను.

గురువును ఎంచుకోవడంలో కొన్ని జాగ్రత్తలు. ఆయన నిన్న చేసిన చాకు కాకుండా కొన్నేళ్లుగా వాడకంలో ఉన్న చాకు చూపించమనండి. దాని ఇరుసు ఇంకా ఊగకుండా ఉంటే ఆయన దగ్గర కూర్చోవచ్చు. డబ్బు సంగతి మొదటి రోజే మాట్లాడుకోండి, మొహమాటం వద్దు. ఉక్కు, బిట్లు, ఎమరీ కాగితాలు మీవి మీరు తెచ్చుకోండి. అడగకుండా ఫోనులో వీడియో తీయకండి, చాలామంది ఉస్తాదులకు అది నచ్చదు. చెప్పడం రాని మంచి పనివాళ్లు చాలామంది ఉంటారు. అలాంటివాళ్ల పక్కన నోరు మూసుకుని, చేతుల వైపు చూస్తూ కూర్చోండి. ‘ఇలా ఎందుకు’ అని ఆయన పని చేస్తుండగా అడిగితే విసుక్కుంటారు, టీ తాగేటప్పుడు అడిగితే చెబుతారు. ఒక్క రకం మనిషికి మాత్రం దూరంగా ఉండండి: మీ ముక్క చెడిపోతుందని చేతిలోంచి లాక్కుని తానే పూర్తిచేసి ఇచ్చేవాడు. ఇంటికి అందమైన చాకు తెచ్చుకుంటారు, విద్య రాదు.

ఎన్నాళ్లు అంటే, ఐటీఐ ఫిట్టరు ట్రేడు రెండేళ్ల చదువు. మీకు అదంతా అక్కర్లేదు. వారానికి రెండు పూటలు ఫిట్టరు దగ్గర కూర్చుంటే నాలుగైదు నెలల్లో చదును, లంబం, రంధ్రం, రీమరు చేతికొస్తాయి. ఆ తర్వాత ఎక్కడైనా మడత చాకులు చేసే మనిషి దొరికితే, సగం పూర్తయిన చాకు చేతపట్టుకుని వెళ్లండి. ఖాళీ చేతులతో వెళ్లినవాడికి ఆయన మొదటి నుంచి చెప్పాలి, అంత తీరిక ఎవరికీ ఉండదు. ముక్కలు ముందు పెట్టి ‘సగంలో స్ప్రింగు లేస్తోంది, ఏ ముఖం తీయాలి?’ అని అడిగితే ఎంత బిజీగా ఉన్నవాడైనా కళ్లజోడు పెట్టుకుంటాడు.

ప్రమాదాల మాట. చాకుల షెడ్డులో మనిషిని ఎక్కువగా భయపెట్టవలసింది కొలిమి కాదు, పాలిష్ పట్టే గుడ్డచక్రం. బ్లేడు అంచు చక్రం తిరిగే దిశకు ఎదురుగా తగిలితే లాక్కుని విసిరేస్తుంది. మడత చాకు అయితే తిరుగుతుండగా మధ్యలో మూసుకోవచ్చు కూడా. అంచును ఎప్పుడూ చక్రం తిరిగే దిశలోనే ఉంచండి, పదును పెట్టడం అన్నిటికన్నా ఆఖరి పనిగా పెట్టుకోండి. డ్రిల్లు దగ్గర, ఈ చక్రం దగ్గర చేతికి గ్లౌజులు వేసుకోవద్దు, పట్టుకుంటే చేతిని కూడా లాగుతాయి. గ్రైండరు దగ్గర కళ్లద్దాలు, మంచి మాస్కు తప్పనిసరి.

పిడికి జిట్రేగి, నల్లమద్ది, పాత ఇంటి దూలాల టేకు, బర్రె కొమ్ము అన్నీ బాగుంటాయి. బర్రె కొమ్ము రుద్దేటప్పుడు కాలిన వెంట్రుకల వాసన వస్తుంది, ఇంట్లో వాళ్లు నిద్రపోయాక చేయండి. విదేశీ వీడియోల్లో చూసి జింక కొమ్ము కోసం మాత్రం వెతకకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చుక్కల జింక, కణుజు కొమ్ముల వ్యాపారం నేరం. అడవిలో రాలి దొరికినదైనా సరే.

చట్టం సంగతి అడగలేదు కానీ చెప్పాలి. 1959 ఆయుధాల చట్టం కింద వచ్చిన నియమాల్లో 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు దాటిన బ్లేడులకు లైసెన్సు కావాలి. ఇంటి పనికి, వ్యవసాయానికి ఉద్దేశించినవాటికి మినహాయింపు ఉంది. జేబు చాకు బ్లేడు మూడంగుళాలు దాటవలసిన పనే లేదు. మీటనొక్కితే ఎగిరి తెరుచుకునే చాకులు, సినిమాల్లో చూపించే పొడవాటి రామ్‌పూరీ రకాలు చేయవద్దు. కొన్ని రాష్ట్రాల్లో వాటి మీద విడిగా ఆంక్షలు ఉన్నాయి, పోలీసులకు జవాబు చెప్పుకునేంత సరదా అందులో లేదు. ముక్కూ మొహం తెలియనివాళ్లకు అమ్మకండి. విమానం ఎక్కేటప్పుడు చేతి సంచిలో పెట్టకండి, అక్కడే వదిలేసి వెళ్లమంటారు.

ఈ వారంలోనే చేయగలిగే పని ఒకటి చెబుతాను. ఉక్కు ముట్టుకోకండి. మూడు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ షీటులో బ్లేడు, స్ప్రింగు, ఒక పక్క రేకు ఆకారాలు కోయండి. సైకిల్ చక్రం చువ్వ ముక్కలను పిన్నులుగా పెట్టి చెక్క మీద బిగించండి. తెరిచినప్పుడు, సగంలో, మూసినప్పుడు స్ప్రింగు ఎక్కడ ఉందో పెన్సిలుతో గీత గీయండి. మూసినప్పుడు మొన పిడి లోపలికి పూర్తిగా దిగుతోందా, గోటి గాడి బయట కనబడుతోందా చూడండి. ఆ మూడు గీతలు కనిపించేలా ఫొటో తీసి ఈ సమాధానం కింద పెట్టండి. ఇరుసు రంధ్రం ఎటు జరపాలో చూసి చెబుతాను.